పగలు బాగా పాడిన మిక్సర్ రాత్రి ఎందుకు బుర్రుమంది? ప్లస్ 12, మైనస్ 12 సప్లయ్ చేయడం

ఈ రోజు డ్యూయల్ పవర్ సప్లయ్ గురించి మాట్లాడుకుందాం. అంటే ఒకే బోర్డు నుంచి ప్లస్ 12 వోల్టులు, మైనస్ 12 వోల్టులు రెండూ రావాలి. థియరీతో మొదలుపెట్టను. నాకు ఎక్కడ దెబ్బ తగిలిందో అక్కడి నుంచే చెప్తా.

మాది సోమశిల. పెన్నా మీద డ్యామ్ ఉంది కదా, ఆ ఊరే. గుడిలో భజనకి ఒక చిన్న మైక్ మిక్సర్ చేసిచ్చాను. లోపల మామూలు 4558 ఐసీలే. పగలు ఇంట్లో టెస్ట్ చేస్తే గొంతు ఎంత బాగా వచ్చిందో! సాయంత్రం ఏడింటికి గుడిలో పెట్టి ఆన్ చేస్తే స్పీకర్లో బుర్ర్ అని ఒకటే మోత. మా మామ ఒకాయన "ఏంది అబ్బయ్యా, మైకులో తుమ్మెద దూరిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ రాత్రి భజన మైక్ లేకుండానే అయింది.

రెగ్యులేటర్ పోయిందనుకున్నా. ఆత్మకూరు పోయి 7812 తెచ్చి మార్చా. పగలు ఓకే, రాత్రి మళ్ళీ అదే మోత. ఇంకోటి మార్చా. అదీ అంతే. మూడు రెగ్యులేటర్లు వేస్ట్ చేశాక గానీ మల్టీమీటర్ తీయాలని బుద్ధి పుట్టలేదు. రాత్రి ప్లగ్గులో చూస్తే 172 వోల్టులు! పగలు అదే ప్లగ్గులో 230 దగ్గర్లో ఉంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, అసలు మైనస్ ఎందుకో చెప్తా. సౌండ్ సిగ్నల్ ఊయల లాంటిది. మధ్యలో నుంచి ముందుకీ పోవాలి, వెనక్కీ పోవాలి. ప్లస్, సున్నా మాత్రమే ఇస్తే ఊయల వెనకాల గోడ కట్టినట్టే. మైనస్ ఇస్తే రెండు వైపులా జాగా దొరుకుతుంది.

సర్క్యూట్ పెద్దదేం కాదు. సెంటర్ ట్యాప్ ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు 4007 డయోడ్లతో బ్రిడ్జ్, రెండు పెద్ద కెపాసిటర్లు, ప్లస్‌కి 7812, మైనస్‌కి 7912. మధ్య వైరే గ్రౌండ్. నేను వాడింది 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్. 12 కావాలి కాబట్టి 12 అనుకున్నా, తప్పంతా అక్కడే. 12 వోల్టుల ఏసీని డీసీ చేస్తే 1.414 రెట్లు, అంటే 17 దాకా వస్తుంది. డయోడ్ ఒక 0.7 తినేస్తుంది. మిగిలేది 16 పైచిలుకు. 7812 సరిగ్గా పనిచేయాలంటే ఇన్‌పుట్ కనీసం 14 ఉండాలి, ఎందుకంటే దానికి పైన 2 వోల్టులు కావాలి. పగలు ఆ లెక్క సరిపోయింది. రాత్రి 172కి లెక్కేస్తే కెపాసిటర్ దగ్గర దాదాపు 12 మాత్రమే. ఇక అది రెగ్యులేట్ చేసేది ఏముంది? కెపాసిటర్ మీద ఉన్న అల అట్టాగే స్పీకర్ దాకా పోయింది. పాపం, ఐసీల తప్పేం లేదు.

మీ ఫోన్‌తోనే ఒక టెస్ట్ చేయొచ్చు. స్పెక్ట్రమ్ చూపించే యాప్ ఒకటి వేసుకుని ఫోన్ స్పీకర్ దగ్గర పెట్టండి. 100 హెర్ట్జ్ దగ్గర గీత లేస్తే సప్లయ్ వైపు చూడండి, ఫుల్ వేవ్ బ్రిడ్జ్‌లో అల సెకనుకి వంద సార్లు వస్తుంది. 50 దగ్గర లేస్తే ఒక డయోడ్ ఊడిందేమో చూడండి, లేదా మైక్ వైరు కరెంటు వైరు పక్కన పోతోందేమో చూడండి.

సరే, 15-0-15 తెచ్చా. ఇప్పుడు 172 దగ్గర కూడా 15 వోల్టులు వస్తాయి. నా బోర్డు లాగేది 100 మిల్లీ ఆంపియర్లు, 2200 మైక్రోఫారడ్ కెపాసిటర్ మీద అల అర వోల్టు కూడా ఉండదు. సరిపోతుంది. మరి అర్ధరాత్రి కరెంటు 250కి ఎక్కితే? అప్పుడు 22 దాటుతుంది. అందుకే కెపాసిటర్లు 35 వోల్టులవి తీసుకోండి, 25వి అంచు మీద ఉంటాయి. మిగిలిన 10 వోల్టులు వేడిగా మారతాయి, ఒక్కో రెగ్యులేటర్‌లో ఒక వాట్. మా ఎండలకి చిన్న హీట్ సింక్ తప్పదు.

ఆ హీట్ సింకే నన్ను రెండోసారి ముంచింది. రెండు రెగ్యులేటర్లనీ ఒకే అల్యూమినియం రేకుకి స్క్రూ చేశా. అదృష్టం బాగుండి ప్లగ్‌లో డైరెక్ట్‌గా పెట్టలేదు, 40 వాట్ల పాత గుండు బల్బుని సిరీస్‌లో పెట్టి ఆన్ చేశా. బల్బు భగ్గుమని వెలిగింది. షార్ట్!

కారణం ఏందంటే, 7812 వెనక రేకు గ్రౌండ్. 7912 వెనక రేకు గ్రౌండ్ కాదు, దాని ఇన్‌పుట్. రెండూ ఒకే రేకు మీద కూర్చుంటే మైనస్ సప్లయ్ నేరుగా గ్రౌండ్‌కి తగులుతుంది. 7912 కింద మైకా ముక్క, స్క్రూకి ప్లాస్టిక్ బుష్ పెట్టండి, లేదా వేరే హీట్ సింక్ వాడండి. కాళ్ళు కూడా ఒకటి కాదు. అక్షరాలు మీ వైపు పెట్టి ఎడమ నుంచి చూస్తే 7812కి ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్. 7912కి గ్రౌండ్, ఇన్‌పుట్, అవుట్‌పుట్. చూడ్డానికి కవలల్లా ఉంటాయి, అదే మోసం.

మైనస్ వైపు కెపాసిటర్ కూడా తిరగబడుతుంది, దాని ప్లస్ కాలు గ్రౌండ్‌కి పోవాలి. ఉల్టా పెడితే పేలుతుంది, ముఖం దగ్గర పెట్టుకుని చూడకండి. 7912 అవుట్‌పుట్‌లో ఒక మైక్రోఫారడ్ అయినా పెట్టకపోతే అది తనంతట తానే ఊగుతుంది, మీటర్‌లో అంకె నిలవదు. ప్లస్, మైనస్ రెండూ తేడాగా వస్తూ, లోడ్ పెట్టగానే ఇంకా జరిగిపోతే మధ్య వైరు ఊడిందేమో చూడండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏసీలో కొలిస్తే 15, 15, చివరి నుంచి చివరికి 30 రావాలి.

"అన్నా, రెండు అడాప్టర్లు కలిపితే సరిపోదా?" అని చాలామంది అడిగారు. రెండు పిన్నుల 12 వోల్టుల అడాప్టర్లయితే ఒకదాని ప్లస్ ఇంకోదాని మైనస్‌కి కలిపి, ఆ చోటుని గ్రౌండ్ అనుకోవచ్చు. కొంచెం కీచుమనే చప్పుడు రావచ్చు. పవర్ బ్యాంక్‌లో ఉన్న రెండు పోర్టులతో మాత్రం చేయొద్దు, లోపల రెండింటి మైనస్ ఒకటే, షార్ట్ అవుతుంది.

ఇంకొకటి, 230 వైపు చేయి పెట్టే ముందు స్విచ్ ఆపడం కాదు, ప్లగ్ పీకండి. ప్రైమరీలో చిన్న ఫ్యూజ్ పెట్టండి.

మొన్న రాత్రి ఏడున్నరకి గుడిలో కొలిచా. ప్లగ్గులో 174, అవుట్‌పుట్ ప్లస్ 12.0, మైనస్ 11.9. బుర్రుమనే మోత పోయింది. చెవి ఆనిస్తే సన్నగా ఒక గుయ్ మాత్రం ఉంది. యాప్‌లో చూస్తే 50 హెర్ట్జ్. అది మైక్ వైరు సంగతి, వచ్చే వీడియోలో ఆ వైరు కోసి చూద్దాం.