తాళం తీస్తే ఊరిదే చర్చి

చిక్కబళ్లాపురం జిల్లా చాకవేలులో బోర్డులు కన్నడంలో, మాటలు తెలుగులో. బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో చాలా పల్లెల తీరు ఇదే. ఇలాంటి పల్లెల్లో చర్చి అంటే ఒక కాంక్రీటు కప్పు, కొంత ఖాళీ జాగా, ఆదివారం పొద్దున మైకులో పాటలు. ప్రార్థన ముగిసి తాళం పడిందంటే వారమంతా ఆ చోటు ఖాళీగానే ఉంటుంది. చుట్టూ ఉన్న ఊరికి అది ఎలా పనికొస్తుంది?

దీనికి జవాబు ఈ ప్రాంతమే వందేళ్ల కిందట చెప్పింది. 1913లో లండన్ మిషన్ చిక్కబళ్లాపురంలో ఆసుపత్రి పెట్టింది. ఇప్పుడది సీఎస్‌ఐ ఆసుపత్రి. సరిహద్దు దాటితే మదనపల్లె పక్కన ఆరోగ్యవరం. క్షయ పేరు చెబితేనే సొంతవాళ్లు దూరం జరిగే రోజుల్లో, 1915 నుంచి అక్కడ రోగులను చేర్చుకున్నారు. అనేక మిషన్లు కలిసి నడిపిన ఆ శానటోరియానికి డెన్మార్క్ డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ పెద్ద దిక్కు. రోగులు వచ్చేదాకా కూర్చోలేదు వాళ్లు. 1950-55 మధ్య మదనపల్లె చుట్టుపక్కల ఊళ్లకే వెళ్లి, ఎక్స్‌రేలు తీసి క్షయను వెతికారు.

ఇంకా పాత కథ ఒంగోలుది. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించి, కూలి ఇచ్చాడు. కరువు నడిచినంత కాలం బాప్తిస్మాలు మాత్రం ఆపేశాడు. కూటి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని. కరువు సాయం ముగిశాకే, 1878లో మళ్లీ మొదలుపెట్టాడు.

ఈ ఒక్క నిర్ణయం దగ్గర ఇప్పటి సంఘాలు కాసేపు ఆగాలి. సాయానికి షరతు ఉంటే పొరుగువాడు గేటు దగ్గరే ఆగిపోతాడు. ఆగిపోవడమే న్యాయం కూడా.

మరి చాకవేలు వైపు పల్లెల బాధ ఏమిటి? నీళ్లు. ఏడాది పొడవునా పారే నది ఈ జిల్లాలో లేదు. బోర్లు వెయ్యి అడుగులు దాటాయి. లోతుకు పోయేకొద్దీ చాలాచోట్ల ఫ్లోరైడు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే పళ్ల మీద మచ్చలు, ముదిరితే ఎముకల పీకులు. అందుకే నాణెం వేసి క్యాను నింపుకునే నీళ్ల ప్లాంటు ముందు జనం నిలబడతారు. వాన నీటిలో ఫ్లోరైడు దాదాపు ఉండదు. ఇక లెక్క చూడండి: నూరు చదరపు మీటర్ల చర్చి కప్పు మీద ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన పడితే 60,000 లీటర్లు. అయిదో వంతు వృథా అయినా 48,000 మిగులుతాయి. తాగడానికి, వంటకు రోజుకు ఇరవై లీటర్లు వాడే ఆరు ఇళ్లకు అది ఏడాది నీరు. కావలసింది పైపులు, ఇసుక ఫిల్టరు, మూత ఉన్న పెద్ద సంపు. తొలి వాన నీటిని బయటికి వదిలేయాలి, తాగేముందు కాచుకోవాలి. సంపు కుళాయి ప్రహరీ లోపల కాదు, వీధివైపు ఉండాలి. ఎవరి బిందె అని అడగకూడదు.

క్షయ కూడా ఇంకా పోలేదు. 2022 సెప్టెంబరులో కేంద్రం మొదలుపెట్టిన ని-క్షయ్ మిత్ర కింద ఎవరైనా, ఏ సంస్థయినా రోగులకు కనీసం ఆరు నెలలు పోషకాహారం ఇవ్వొచ్చు. సాయానికి ఒప్పుకున్న రోగులనే అప్పగిస్తారు. ఆరోగ్యవరానికి ఇంత దగ్గరున్న సంఘాలకు ఇది కొత్త పనేమీ కాదు.

సంఘ పెద్దలూ, ఈ ఆదివారం ప్రార్థన అయ్యాక ఆశా కార్యకర్తను పిలిచి అడగండి: మన వీధిలో ఎవరికి ఏం కావాలి?