64ఎ సెక్షన్‌కి ఉదయగిరి ఎంత దూరం?

"మెట్ట మండలాల్లో ఐస్, ఎండీఎంఏ మత్తుమందుల సంగతేంటో చూడు. శుక్రవారానికి కవర్ స్టోరీ కావాలి" అన్నారు ఎడిటర్. ఎన్ని గ్రాములు పట్టుబడ్డాయో రోజూ వేస్తూనే ఉన్నాం. మరి మానేద్దామనుకున్న కుర్రాడు ఉదయగిరిలోనో ఆత్మకూరులోనో ఉంటే ఎవరి గడప తొక్కాలి? ఆ ఆరాలో దొరికిందే 1985 నాటి మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టంలోని 64ఎ సెక్షన్.

మత్తు వాడినందుకో, కొద్ది మోతాదు దగ్గరున్నందుకో కేసైన వ్యసనపరుడు తనంతట తాను వైద్యానికి వస్తే ఆ నేరానికి ప్రాసిక్యూషన్ ఉండదంటుంది అది. కొద్ది మోతాదంటే ఐస్ (మెథాంఫెటమిన్), కొకెయిన్ అయితే 2 గ్రాములు. ఎండీఎంఏ అర గ్రాము. ఇంత కఠినమైన చట్టంలో ఇంత దయ ఎలా దూరిందా అనిపించింది.

మెలిక తర్వాత ఉంది. సర్కారో స్థానిక సంస్థో నడిపే, లేదా గుర్తించిన చోటే వైద్యం జరగాలి. అదీ పూర్తిగా. మధ్యలో మానేస్తే ఇచ్చిన రక్షణ వెనక్కి తీసుకోవచ్చు. ఈ షరతును ఉదయగిరి బస్టాండులో నిలబెట్టి చూడండి. జిల్లా సర్కారు పెద్దాసుపత్రి నెల్లూరులో, వంద కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంది. ఆత్మకూరు వాళ్లకు అందులో సగం పైచిలుకు. వెళ్లినరోజు కూలి గోవిందా. తోడొచ్చే తల్లి కూలీ అంతే. "పిచ్చి డాక్టరు దగ్గరికి తిప్పుతున్నారంట" అన్న మాట బస్సు కంటే ముందే ఊరు చేరుతుంది. వ్యసనంలో మళ్లీ జారిపడటం డాక్టరుకు మామూలే. కోర్టుకు మాత్రం అది పూర్తికాని వైద్యం.

పైగా ఐస్ లాంటి ఉత్తేజక మత్తుమందులకు మందు చీటీతో పని జరగదు. హెరాయిన్ అలవాటుకు బ్యుప్రెనార్ఫిన్, మెథడోన్ ఉన్నాయి. ఐస్ లాంటివాటికి అలా ఆమోదం పొందిన మందు లేదు. కౌన్సెలింగే ప్రధానం. అంటే బస్సు ఎక్కాల్సింది ఇంకా ఎక్కువసార్లు.

చరిత్ర గబగబా: ఇదే నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంటలో 1990ల మొదట్లో రోశమ్మ, తోటి ఆడవాళ్లు సారాపై తిరగబడ్డారు. అక్షరాస్యత తరగతులు వాళ్లకు ఊపిచ్చాయి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా బంద్. 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో సడలింపు. మానలేనివాడికి వైద్యమన్న మాట ఆ హోరులో పెద్దగా వినపడలేదు. 2019లో కేంద్రం విడుదల చేసిన ఎయిమ్స్ నివేదిక ప్రకారం మద్యానికి బానిసైన 38 మందిలో చికిత్స అందుతున్నది ఒక్కరికే.

ఎవరికి ఫోన్ చేయాలి?

14446: మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్. 14416: టెలి మానస్, మానసిక సాయానికి, తెలుగులోనూ మాట్లాడతారు. 1972: మత్తుమందులను అరికట్టే రాష్ట్ర పోలీసుల ఈగల్ విభాగం. 1933: కేంద్ర నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరోది, మత్తు అమ్మేవాళ్ల సమాచారమూ ఇక్కడే, మానడానికి సాయమూ ఇక్కడే. అలాంటి నంబరుకు ఏ తల్లి కొడుకు పేరు చెబుతుందో నాకు ఊహకందలేదు. మొదట 14446కే చేయండి.