నూతన గ్రంథపాలకులు - వ్యాసవిషయాన్వేషణము

గ్రంథాలయశాస్త్రమున పట్టము పొంది క్రొత్తగ ఉద్యోగమున ప్రవేశించినవారికి వ్యాసరచన యనగనే జంకు కలుగుట సహజము. వ్రాయదగిన విషయములన్నియు పెద్దలు వ్రాసియే యుందురని వారి తలంపు. కాని అట్టి వ్యాసమునకు వస్తువును దూరమున వెదక నక్కరలేదు. నిత్యము పనిలో నెదురగుచు, ఉన్న నియమములతో తీరని చిక్కు ఏది కలదో, అదియే వ్యాసవస్తువు.

ఇందులకు డాక్టరు ఎస్. ఆర్. రంగనాథన్ గారి జీవితమే నిదర్శనము. గణితోపాధ్యాయులైన వారు 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారులైరి. మొదట ఆ పని వారికి రుచింపలేదు. పిదప ఇంగ్లండున శిక్షణ పొందుచుండగ, నాటి వర్గీకరణ పద్ధతులు క్రొత్త విషయములకు చోటీయజాలకుండుట వారికి చిక్కుగ తోచెను. లండనులో నొక దుకాణమున మెకానో యను ఆటవస్తువును చూచిరి. కొలది లోహపు పట్టీలను, మరలను మార్చి మార్చి కూర్చుటచే పెక్కు బొమ్మలగుట వారి కంటబడెను. 1933లో వెలువడిన కోలన్ వర్గీకరణమునకు ఆ చూపే బీజము. గ్రంథాలయపు పనులన్నిటికి మూలసూత్రములేవి యను ప్రశ్నయు వారిని వేధించినది. 1928లో తమ గణితాచార్యులగు ఎడ్వర్డ్ రాస్ గారితో ముచ్చటించుచుండగ తొలి సూత్రము స్ఫురించెను. 1931లో పంచసూత్రములు గ్రంథరూపము దాల్చెను. రాస్ గారు గ్రంథాలయవృత్తివారు కారు. చిక్కును వెలుపలివారికి విప్పి చెప్పుట యెంత మేలో దీనివలన తెలియును.

ఆంధ్రేతర ప్రాంతములందలి తెలుగువారి నడుమ పనిచేయు గ్రంథపాలకునకు ఇట్టి చిక్కులు కొల్లలు. రచయితల పేర్లనే చూడుడు. ఆంధ్రదేశమున ఇంటిపేరు ముందు, వ్యక్తినామము తరువాత వచ్చును. తమిళనాట స్థిరపడిన తెలుగువారిలో పలువురు ఇంటిపేరును విడిచి, తండ్రిపేరి పొడియక్షరమునే ముందుంచుకొందురు. కొందరు ఊరిపేరును చేర్చుకొందురు. అట్టి రచయిత గ్రంథసూచిలో నే యక్షరము క్రింద నిలువవలెను? నియమము స్థిరముగ లేనిచో నొకే రచయిత పుస్తకములు రెండు తావుల చెదరును. పాఠకుడు పుస్తకము లేదనుకొని మరలిపోవును.

లిపి మరియొక చిక్కు. త్యాగరాజస్వామి కృతులలో పెక్కు తెలుగున రచింపబడినవి. అవి తమిళలిపిలోను అచ్చైనవి. అట్టి ప్రతి తెలుగు బీరువాకు చెందునా, తమిళ బీరువాకా? తెలుగు మాటాడనేర్చియు చదువనేరని పాఠకునకు దానిని చూపుటెట్లు? ఈ ప్రశ్నలలో నొక్కొక్కటి యొక వ్యాసమునకు చాలును.

నూతన గ్రంథపాలకుడు చిన్న పుస్తకమొకటి దగ్గర నుంచుకొని, పాఠకులడిగిన ప్రశ్నను, తేదీని, తాను చేసిన యుపాయమును, అది ఫలించినదో లేదో వ్రాసికొనవలెను. ఒకే చిక్కు పలుమారులు వచ్చినచో, పూర్వులేమి వ్రాసిరో చూడవలెను. వారు చెప్పినది తన గ్రంథాలయమున ఎచట సరిపడదో, అచట వ్యాసము మొదలగును. విషయము నంతటితో కుదించి, తన బీరువాలోని పుస్తకములనే లెక్కించి చెప్పిన చాలును. విఫలమైన యుపాయమును దాచరాదు. అదియు నితరులకు శ్రమ తప్పించును. తొలి రచన రెండు పుటలైనను కొరత లేదు.

వ్రాయని యుపాయము దానిని కనుగొనిన వానితోనే బదిలీయై పోవును. తరువాత వచ్చినవాడు మరల మొదటినుండి వెదకికొనవలెను. ఈలోగా పాత యిండ్లలో తెలుగు చదువువారు తగ్గి, పుస్తకములు చిత్తుకాగితముల క్రింద తూకమునకు పోవును. అట్టి యింటి పుస్తకములకు చక్కని జాబితా నొకదానిని ప్రకటించుటయే గొప్ప వ్యాసము.