పంట కాపలాకు తుపాకీ: కొనే ముందు తెలుసుకోవలసినవి

మొక్కజొన్న కంకి పాలు పోసుకునే వేళకు, వేరుశనగ ఊడలు దిగి కాయ ఊరే వేళకు అడవి పందులు చేలో దిగుతాయి. మంద ఒక్క రాత్రి తిరిగిందంటే తిన్నదానికన్నా తొక్కి పాడుచేసిందే ఎక్కువ ఉంటుంది. అప్పు తెచ్చి విత్తనం, ఎరువు పెట్టిన రైతుకు తెల్లారేసరికి మిగిలేది చొప్పే. అందుకే అడవి అంచు ఊళ్ళలో "ఒక తుపాకీ ఉంటే బాగుండు" అనే మాట తరచూ వినబడుతుంది.

తుపాకీ కొనడానికి చట్టం దారి చూపింది. అయితే ఆ దారి తెలియక కొందరు నాటు తుపాకీ కొంటున్నారు, కొందరు చేను చుట్టూ కరెంటు తీగ లాగుతున్నారు. రెండూ ప్రాణాల మీదికి తెచ్చేవే. తీగకు పంది కంటే ముందు పక్క చేను రైతో, తెల్లవారుజామున నీళ్ళు కట్టడానికి వచ్చిన సొంత కొడుకో తగలవచ్చు. లైసెన్సు లేని తుపాకీ దగ్గర ఉంటే, 2019లో సవరించిన ఆయుధాల చట్టం ప్రకారం రెండేళ్ళకు తగ్గకుండా అయిదేళ్ళ దాకా జైలు, పైన జరిమానా.

రెండు అనుమతులు, రెండు ఆఫీసులు

ముందుగా ఒక విషయం గట్టిగా గుర్తు పెట్టుకోండి. తుపాకీ లైసెన్సు అంటే తుపాకీ ఉంచుకోవడానికి అనుమతి మాత్రమే. జంతువును చంపడానికి అనుమతి కాదు.

తుపాకీ ఉంచుకోవడానికి 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి. జంతువును కాల్చడానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అటవీ శాఖ నుంచి రాతపూర్వకమైన ఉత్తర్వు కావాలి. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాక అడవి పంది రెండో షెడ్యూలులో ఉంది. నిలబడి ఉన్న పంటకు ముప్పుగా మారిన రెండో షెడ్యూలు జంతువును వేటాడేందుకు అధికారి కారణాలు రాసి అనుమతి ఇవ్వవచ్చని 11వ సెక్షను చెబుతోంది. అనుమతి లేకుండా కాలిస్తే మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. అనుమతితో చంపినా కళేబరం ప్రభుత్వానిదే, కూర వండుకోవడానికి లేదు. నెమలి, కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పంటను పాడుచేశాయని వాటి వైపు తుపాకీ ఎత్తితే శిక్ష ఇంకా పెద్దది.

ఈ అనుమతి ఎవరు ఇవ్వాలి, ఎవరు కాల్చాలి అనే విషయంలో రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వులు మారుతుంటాయి. కాబట్టి మీ అటవీ రేంజి ఆఫీసులో ప్రస్తుతం ఏ ఉత్తర్వు నడుస్తోందో అడిగి తెలుసుకోండి.

లైసెన్సుకు ఎవరు అర్హులు

దరఖాస్తుదారుకు 21 ఏళ్ళు నిండాలి. జిల్లాలో కలెక్టరు ఆఫీసులో, పోలీసు కమిషనరేట్ ఉన్నచోట కమిషనరు ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలి. నిజంగా పంట రక్షణ కోసమే అని తేలితే, మూతి నుంచి మందు దట్టించే తుపాకీకి లైసెన్సు ఇవ్వాలని 13వ సెక్షను చెబుతోంది. అది చాలదని అధికారికి నమ్మకం కుదిరితే, 20 అంగుళాలకు తగ్గని నున్నటి గొట్టం ఉన్న మామూలు తుపాకీకి కూడా ఇవ్వవచ్చు. అందుచేత దరఖాస్తులో "పంట రక్షణ" అని స్పష్టంగా రాయండి. పాసుపుస్తకం నకలు, నష్టపోయిన పంట ఫొటోలు, వ్యవసాయ శాఖకో అటవీ శాఖకో అంతకుముందు ఇచ్చిన ఫిర్యాదుల నకళ్ళు జత చేస్తే మీ మాటకు బలం.

చిన్న, సన్నకారు రైతులు ముఖ్యంగా తెలుసుకోవలసింది ఇంకొకటి ఉంది. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని 14వ సెక్షనులోనే ఉంది. "ఎకరం రైతుకు తుపాకీ ఎందుకయ్యా" అని ఎవరైనా అంటే వెనక్కి తగ్గనక్కర్లేదు. నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. 18వ సెక్షను కింద అప్పీలు చేసుకోవచ్చు.

దరఖాస్తు మీద పోలీసు స్టేషను నుంచి విచారణ జరుగుతుంది. 2016 నాటి ఆయుధాల నిబంధనల ప్రకారం తుపాకీ వాడకంలో భద్రతా శిక్షణ పొందాలి, ఇంట్లో భద్రంగా దాస్తానని హామీ రాసివ్వాలి. లైసెన్సు వచ్చాక అయిదేళ్ళు చెల్లుతుంది. అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపు ఊళ్ళకు మరో మెలిక ఉంది. కవ్వాల్, ఏటూరునాగారం, కిన్నెరసాని, నాగార్జునసాగర్-శ్రీశైలం, కౌండిన్య వంటి చోట్ల ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి ముందుగా ఒప్పుకుంటేనే కొత్త లైసెన్సు ఇస్తారు.

ఏ తుపాకీ తీసుకోవాలి

రివాల్వర్ చేనుకు పనికిరాదు. దాని గొట్టం పొట్టి, గురి దూరం తక్కువ. పంట రక్షణ లైసెన్సు మీద అది రాదు కూడా. మీకు పనికొచ్చేది ఒంటి గొట్టం తుపాకీ.

పాత పద్ధతి ఒంటి గొట్టం తుపాకీకి సుత్తి బయటికి కనిపిస్తుంది. బొటనవేలితో సుత్తిని వెనక్కి లాగి నిలబెట్టాలి, ఆ తర్వాత మీట నొక్కితేనే పేలుతుంది. మీట చేసే పని ఒక్కటే, నిలబెట్టిన సుత్తిని వదలడం. అందుకే దీన్ని సింగిల్ యాక్షన్ అంటారు. పాతకాలపు రివాల్వర్లదీ ఇదే పద్ధతి. చీకట్లో కాపలా కాసే రైతుకు ఇందులో ఒక మేలుంది. సుత్తి ఏ స్థితిలో ఉందో కంటితో చూడవచ్చు, కనబడకపోతే వేలితో తడిమి తెలుసుకోవచ్చు.

మార్కెట్లో ఎక్కువగా దొరికేది 12 బోరు. ఒక పౌను సీసంతో 12 సమానమైన గుండ్లు పోస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో గొట్టం అంత లావన్న మాట. సుమారు 18.5 మిల్లీమీటర్లు.

దుకాణంలో చూడవలసినవి

లైసెన్సు ఉన్న దుకాణంలోనే కొనండి. కొత్తదైనా సరే, కింది పరీక్షలు చేయకుండా డబ్బు కట్టవద్దు.

1. తయారీదారు పేరు, నంబరు గొట్టం మీద చెక్కి ఉండాలి. అవి లేని తుపాకీ అమ్మడమే నేరం. బిల్లులో, లైసెన్సులో అదే నంబరు పడిందో లేదో అంకె అంకె సరిచూసుకోండి.

2. తుపాకీ విరిచి ఖాళీగా ఉందని మీ కళ్ళతో చూడండి. తర్వాత వెనక వైపు నుంచి గొట్టంలోకి వెలుతురుకు ఎదురుగా చూడండి. లోపల అద్దంలా మెరవాలి. సొట్ట, తుప్పు గుంటలు, ఉబ్బు ఉంటే వద్దు.

3. మూసిన తర్వాత గొట్టం, బట్టు పట్టుకుని అటూ ఇటూ కదపండి. బందు దగ్గర లొడలొడలాడకూడదు.

4. సుత్తికి రెండు మెట్లుంటాయి. సగం మెట్టు మీద పెట్టి మీట నొక్కితే సుత్తి పడకూడదు. పూర్తి మెట్టు మీద పెట్టి సుత్తిని వేలితో ముందుకు నెడితే జారకూడదు. జారితే ఆ తుపాకీ చేతిలో ఉండగానే పేలుతుంది. ఈ పరీక్షకు దుకాణదారును అడిగి పేలిన ఖాళీ తూటా గొట్టంలో పెట్టించండి.

5. తూటా కొలత చూడండి. గొట్టం మీద 65 అని ఉంటే 65 మిల్లీమీటర్ల తూటాలే వాడాలి. 70 తూటా అందులో పడుతుంది, కానీ పేలినప్పుడు విప్పుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరిగి గొట్టం దెబ్బతింటుంది.

మూతి నుంచి మందు దట్టించే రకం తీసుకుంటే దానికి నల్లమందే వాడాలి. తూటాలు విప్పి తీసిన పొగలేని మందు పోస్తే గొట్టం పగిలి చేయి పోతుంది. లోపల మందు ఉందో లేదో తెలియకపోతే దట్టించే కడ్డీని గొట్టంలోకి దించి, ఎంత లోతు దిగిందో బయట గొట్టం పక్కన పెట్టి కొలిచి చూడండి.

తొలి కాల్పు

కొత్త తుపాకీని చేలోనో, పెళ్ళి ఊరేగింపులోనో పేల్చి చూడవద్దు. వేడుకల్లో కాల్చడం 2019 సవరణ తర్వాత రెండేళ్ళ దాకా జైలు పడే నేరం. లైసెన్సు ఉన్న శిక్షణ కేంద్రంలోనో, రైఫిల్ క్లబ్బు మైదానంలోనో శిక్షకుడి ఎదుట మొదటిసారి కాల్చండి. కళ్ళకు అద్దాలు, చెవులకు మఫ్ఫులు పెట్టుకోండి.

దాదాపు 36 మీటర్ల దూరంలో పెద్ద కాగితం కట్టి, ముందు చిన్న రవ్వల తూటా కాల్చండి. రవ్వలు దట్టంగా పడ్డచోట 75 సెంటీమీటర్ల వెడల్పు వలయం గీసి లెక్కబెట్టండి. గొట్టం మూతి సన్నబడని తుపాకీ అయితే ఆ వలయంలో నూటికి 40 రవ్వలు, బాగా సన్నబడిన ఫుల్ చోక్ అయితే 70 దాకా పడాలి. గురి పెట్టినచోట కాకుండా పక్కన గుంపుగా పడుతుంటే దుకాణానికి తిరిగి తీసుకెళ్ళండి.

మీట నొక్కినా పేలకపోతే గొట్టం మూతి లక్ష్యం వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగండి. ఆలస్యంగా పేలవచ్చు. పేలిన చప్పుడు మామూలుగా కాక "పుస్సు"మన్నదంటే వెంటనే రెండో తూటా పెట్టవద్దు. ముందు తుపాకీ ఖాళీ చేసి గొట్టంలో ఏదైనా ఇరుక్కుందేమో చూడండి.

చేను దగ్గర జాగ్రత్తలు

ఎక్కువ రాత్రులు తుపాకీ చేసే పని చప్పుడుతో బెదరగొట్టడమే. అయినా ప్రతి తూటాకూ ఒక చోటు ఉంటుంది. చిన్న రవ్వలు 200 మీటర్లు, పెద్ద గుండ్లు అర కిలోమీటరు దాటి కూడా పోతాయి. ఆ దూరంలో మంచె మీద ఇంకో రైతు పడుకుని ఉండవచ్చు. కదలిక చూసి, చప్పుడు విని కాల్చకండి. లైటు వేసి, అక్కడున్నది ఏమిటో, దాని వెనక ఏముందో చూడకుండా మీట మీద వేలు పెట్టవద్దు. మందు తాగిన రాత్రి తుపాకీ తాళం తీయవద్దు.

లైసెన్సు ఎవరి పేరున ఉంటే వారే వాడాలి. జ్వరం వచ్చిందని కొడుక్కో, జీతగాడికో ఇచ్చి పంపితే ఇద్దరి మీదా కేసు పడుతుంది. ఇంట్లో తుపాకీ ఒకచోట, తూటాలు ఇంకోచోట తాళం వేసి ఉంచండి. ఎన్నికలప్పుడు స్టేషనులో అప్పగించమంటే అప్పగించి రసీదు తీసుకోండి.

ఖర్చు లెక్క వేసుకోండి

తుపాకీ ధర ఒక్కటే ఖర్చు కాదు. శిక్షణ, తూటాలు, తాళం పెట్టె, ఆఫీసుల చుట్టూ తిరిగే రోజుల కూలి కూడా కలుపుకోండి. ఎకరం, రెండెకరాల రైతుకు ఇవన్నీ భారమే. వేరుశనగ చుట్టూ ముళ్ళ కుసుమ, మొక్కజొన్న చుట్టూ ఆముదం దట్టంగా నాలుగైదు వరుసలు వేయడం, తక్కువ షాకుతో ప్రాణం తీయని సోలారు కంచె, పక్క చేల రైతులంతా వంతులవారీగా కాపలా కాయడం వంటివి ముందు చేసి చూడండి. వీటితో ఆగని చోట, వంతు కాపలా గుంపులో బాధ్యత తెలిసిన ఒకరు లైసెన్సు తీసుకుని తన వంతులో తానే తుపాకీ పడితే ఊరందరికీ ఖర్చు తగ్గుతుంది.

పోయిన పంట వచ్చే కారుకైనా మళ్ళీ పండుతుంది. నాటు తుపాకీతో, కరెంటు తీగతో పోయిన మనిషి తిరిగి రాడు. కాబట్టి తుపాకీ కావాలనుకుంటే ముందు కలెక్టరు ఆఫీసుకు, తర్వాత రేంజి ఆఫీసుకు వెళ్ళండి. దుకాణానికి వెళ్ళడం ఆ తర్వాతే.