చిగురు పట్టుకోవాలి

2019 జనవరిలో గోదావరి మీది పోలవరం స్పిల్‌వే దగ్గర 24 గంటల్లో 32 వేల ఘనపు మీటర్లకు పైగా కాంక్రీటు పోసి గిన్నిస్ రికార్డు కొట్టారు. డ్యాం పనుల్లో పాత పొర మీద కొత్త పొరను నేరుగా పొయ్యరు. పైన తేలిన సిమెంటు పాలను నీటి ధారతో కొట్టి, కంకర బయటపడేదాకా గరుకు చేస్తారు. దాన్ని గ్రీన్ కటింగ్ అంటారు. ప్లాస్టరింగుకు ముందు మేస్త్రీ స్తంభానికి గాట్లు పెట్టేదీ ఇందుకే. గరుకుంటేనే పట్టు.

అదే గోదావరి ఒడ్డున రేవు మెట్లు చూడండి. గరుకు రాతి సందుల్లో చేరిన పాకుడు ఎంత గీకినా పోదు. దానికీ గరుకే ఆసరా.

ఊడిన పంటి చోట దవడలో బిగించే టైటానియం ఇంప్లాంటు కథంతా ఈ రెండింటి మధ్య, పట్టుకూ పాకుడుకూ మధ్య తగువే.

1952లో స్వీడన్‌లోని లుండ్‌లో పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు కుందేలు కాలి ఎముకలో టైటానియం గొట్టం అమర్చి, లోపల రక్తప్రసారం ఎలా ఉందో చూశాడు. పని అయ్యాక తీయబోతే అది రాలేదు. ఎముక దాన్ని తనలో కలిపేసుకుంది. 1965లో మొదటిసారి ఒక మనిషి దవడలో ఇంప్లాంట్లు పెట్టాడు. అవి లేతు మీద తిప్పిన నున్నటి స్క్రూలు. తర్వాత స్విట్జర్లాండులో ఆంద్రే ష్రోడర్ బృందం ఉపరితలాన్ని గరుకు చేసింది. ఆపైన ఇసుక లాంటి రేణువులతో కొట్టి, యాసిడ్‌తో కొరికించే పద్ధతి వచ్చింది. ఎముక పట్టు పెరిగి, నెలల నిరీక్షణ వారాలకు దిగింది.

ఎముక సంగతి అలా తేలింది. చిక్కంతా మెడ దగ్గర, స్క్రూ చిగురును దాటి నోట్లోకి వచ్చే ఆ రెండు మూడు మిల్లీమీటర్లలో.

సొంత పంటికైతే చిగురులోని నారపోగులు వేరు మీది సిమెంటమ్ పొరలోకి మేకుల్లా అడ్డంగా దిగి ఉంటాయి. ఇంప్లాంటుకు ఆ పొర లేదు. పోగులు దాని మెడ చుట్టూ తాడు చుట్టినట్టు తిరుగుతాయి తప్ప లోపలికి దిగవు. ఆ కట్టు వదులైతే బాక్టీరియా ఎముకదాకా జారుతుంది, ఎముక కరుగుతుంది. గరుకు మరలు ఒకసారి బయటపడ్డాయంటే వాటిని శుభ్రం చేయడం రేవు మెట్ల పాకుడు తీయడమే.

మరి చిగురు కణానికి ఏది ఇష్టం? నారపోగులు అల్లే ఫైబ్రోబ్లాస్టులు నున్నటి చోటికి మొగ్గుతాయనీ, రక్షణ కణాలైన మాక్రోఫేజులు గరుకు చోటికి చేరతాయనీ 1981లో రిచ్, హారిస్ అనే పరిశోధకులు చూపించారు. కణానికి కళ్లు లేవు; సన్నని వేళ్లలాంటి పోగులు చాచి తడుముకుంటూ పోతుంది. సన్నటి గాడి దొరికితే దాని వెంటే సాగుతుంది. అందుకే ఇంప్లాంటు మెడ మీద లేజరుతో 8 మైక్రాన్ల గాళ్లు గీశారు. వెంట్రుక మందంలో అది పదో వంతుకు అటూ ఇటూ. 2008లో మనుషుల నుంచి తీసిన నమూనాల్లో నారపోగులు ఆ గాళ్ల దగ్గర అడ్డంగా వచ్చి ఆనుకోవడం కనిపించింది. ఇంప్లాంటు చరిత్రలో నాకు అన్నిటికన్నా ఆశ కలిగించిన దృశ్యం అదే.

కానీ బాక్టీరియా ఒక మైక్రానే. ఆ గాడిలో అదీ పడుతుంది. నునుపుకూ హద్దుంది: గరుకుదనం 0.2 మైక్రాన్లకు దిగాక ఇంకా మెరుగు పెట్టినా పాచి చేరడం తగ్గదని బెల్జియంలోని ల్యూవెన్ పరిశోధకులు తేల్చారు. కింద గరుకు, మెడ దగ్గర నునుపు లేదా సన్నటి గాళ్లు. నా మాటగా చెప్పాలంటే ఇప్పటికి ఇదే సరైన రాజీ.

పోలవరం నుంచి రాజమండ్రికో భీమవరానికో వెళ్లి ఇంప్లాంటు పెట్టించుకునేవాళ్లు ఏ కంపెనీ, ఎంత ఖర్చు అని అడుగుతారు. మెడ ఎలాంటిది, దాన్ని నేనెలా శుభ్రం చేసుకోవాలి అని కూడా అడగండి. లంక పొగాకు చుట్ట అలవాటుంటే ముందే మానండి, పొగ చిగురు పట్టును దెబ్బతీస్తుంది. బ్రష్ చేసేటప్పుడు ఇంప్లాంటు చుట్టూ రక్తం కనిపిస్తే నొప్పి వచ్చేదాకా ఆగకుండా ఆ వారంలోనే చూపించుకోండి.