మీకు తెలుసా? బ్యాక్టీరియా చవకే, మరి టీకా?

2022 మార్చి 16న దేశమంతటితో పాటు హైదరాబాద్‌లోని నేరేడ్‌మెట్‌లోనూ 12–14 ఏళ్ల పిల్లలకు మొదలైన కోవిడ్ టీకా కోర్బెవాక్స్ మన ఊరి సరుకే. తయారుచేసిన బయలాజికల్ ఇ హైదరాబాద్ కంపెనీ. నేరేడ్‌మెట్‌కు ఉత్తరాన శామీర్‌పేట వైపు దాని టీకా ప్లాంటు ఉంది. ప్రభుత్వం కొన్న ధర డోసుకు 145 రూపాయలు, పన్ను అదనం. ఇందులో వైరస్ ఉండదు. వైరస్ ముల్లులో మన కణాన్ని పట్టుకునే ప్రొటీన్ ముక్క ఒక్కటే ఉంటుంది. దాన్ని తయారుచేసి పెట్టేది ఈస్ట్. 1997లో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ తెచ్చి దిగుమతి టీకాల ధర దించిన హెపటైటిస్-బి టీకా షాన్‌వాక్-బి కూడా ఈస్ట్ చలవే.

బ్యాక్టీరియా ఇంకా చవక కదా, దాన్నెందుకు వదిలేశారు? ఇ.కోలై అనే బ్యాక్టీరియా పరిస్థితులు అనుకూలిస్తే ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. కాస్త చక్కెర, లవణాలు పడేస్తే చాలు. కానీ పరాయి ప్రొటీన్‌ను ఎక్కువగా చేయిస్తే సరిగా మడతపెట్టదు, హడావిడిగా కలిపిన ఉప్మాలా ఉండలు కట్టేస్తుంది. ఆ ఉండలు విడదీసి ప్రొటీన్‌ను మళ్లీ అసలు ఆకారానికి తేవాలి. ఆకారం తప్పితే ఒంట్లో పుట్టే యాంటీబాడీలు నిజం వైరస్‌ను గుర్తుపట్టకపోవచ్చు. కోవిడ్ ముక్కలోనైతే నాలుగు గంధకపు ముడులు సరైన జతల్లోనే పడాలి, మామూలు ఇ.కోలై లోపల అవి పడటం కష్టం. పైగా దాని పై పొరలోని ఎండోటాక్సిన్ అనే విషం మోతాదు మించి మిగిలితే జ్వరం ఖాయం. పెంపకంలో మిగిలిన డబ్బు శుద్ధిలో కరిగిపోతుంది. చవక బేరం అని లెక్క వేసేవాళ్లు ఈ రెండో ఖర్చును తరచూ మరచిపోతారు.

అలాగని బ్యాక్టీరియాను తీసిపారేయలేం. కలుషిత నీటితో వచ్చే కామెర్లలో గర్భిణులకు మరీ ప్రమాదకరమైనది హెపటైటిస్-ఇ. దానికి చైనా 2011లో అనుమతించిన హెకోలిన్ ఇ.కోలైతో చేసినదే. ఆ వైరస్ తొడుగులోంచి తీసుకున్న ప్రొటీన్ ముక్కలు తమంతట తామే కూడుకుని వైరస్‌ను పోలిన రేణువులవుతాయి. అదే పద్ధతిలో చేసిన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా సెకోలిన్‌కు 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం దక్కింది. హెకోలిన్‌ను వ్యాధి ప్రబలిన చోట తొలిసారి వాడింది 2022లో, దక్షిణ సూడాన్‌లోని బెంటియు నిర్వాసిత శిబిరంలో. అక్కడ గర్భిణులకూ వేశారు.