మెదడులోని రక్తపువడిని వినుట

మెదడుపొరల క్రింద రక్తనాళము చిట్లిన రోగి ఇంటెన్సివ్ కేర్ విభాగములో స్పృహ లేక యున్నాడనుకొందము. చిట్లిన చోటును శస్త్రవైద్యులు మూసివేసినారు. గండము గడచినదని బంధువులు తలతురు. కాని నాల్గవ రోజు మొదలు సుమారు రెండు వారములవరకు మరియొక ప్రమాదము పొంచియుండును. చిందిన రక్తపు ప్రభావమున మెదడు ధమనులు ముడుచుకొనవచ్చును. మెలకువలోనున్నవానికి మాట తడబడినచో మనకు తెలియును. స్పృహ లేనివాని సంగతి ఎట్లు తెలియవలెను?

ఇచ్చట అతిధ్వని అక్కరకు వచ్చును. కపాలాస్థి దానిని చాలవరకు అడ్డగించును. అయినను కణతవద్ద ఎముక పలుచన. 1982లో ఆస్లిడ్, ఆయన సహచరులు అక్కడనుండి 2 మెగాహెర్ట్జ్ తరంగములను పంపి మెదడు ధమనులలోని రక్తవేగమును కొలిచినారు.

దీనికి ఆధారము 1842లో డాప్లర్ చెప్పిన సూత్రమే. కదలుచున్న ఎఱ్ఱకణములనుండి తిరిగివచ్చు తరంగపు పౌనఃపున్యము మారును. కణము తరంగమును అందుకొనునప్పుడొకసారి, తిరిగి పంపునప్పుడొకసారి మార్పు కలుగును గనుక 2తో హెచ్చవేయవలెను. రక్తవేగము సెకనుకు 60 సెంటీమీటర్లు, ధ్వనివేగము 1,540 మీటర్లు అనుకొన్నచో, తరంగము ధమని వెంబడి సూటిగా పోవునప్పుడు, తేడా సుమారు 1,560 హెర్ట్జ్. విద్యార్థులు గుణించి చూడవచ్చును. అతిధ్వని చెవికి వినబడదు. ఈ తేడా మాత్రము చక్కగా వినబడును! నాడితోపాటు హెచ్చుతగ్గులగు ఆ సవ్వడిని వైద్యులు లౌడుస్పీకరులో విందురు. తరంగము ఏటవాలుగా పోయినచో లెక్క తగ్గును. 60 డిగ్రీల కోణములో సగమే వచ్చును. అదృష్టవశమున మెదడులోని మధ్యధమని కణతకు ఇంచుమించు ఎదురుగా సాగును.

అయితే పరికరము చెప్పునది వేగమే, రక్తపు పరిమాణము కాదు. తోటకు నీరు పెట్టు రబ్బరుగొట్టపు మూతిని నొక్కిన నీరు వడిగా చిమ్మును గాని ఎక్కువ నీరు రాదు. ధమనియు అంతే. సగటువేగము 120 సెంటీమీటర్లు దాటినచో ముడుచుకొనుచున్నదని అనుమానింతురు. 200 దాటినచో తీవ్రమైన స్థితి.

ఇందులో ఒక చిక్కు కలదు. మెదడుకు రక్తము నిజముగా అధికమై వచ్చినను వేగము పెరుగును. రెండింటికి చికిత్స వేరు. అందుచే మెడలోని లోపలి ధమని వేగమునుగూడ కొలిచి పోల్చుదురు. రక్తమే అధికమైన రెండును పెరుగును. మెదడు ధమని ముడుచుకొన్న అదొక్కటే పెరుగును. నిష్పత్తి 3 దాటినచో ముడుచుకొనుటయే కారణమని భావింతురు. పరికరముకంటె ఈ పోలికయే నాకు ఎక్కువ మెచ్చదగినదిగా తోచును.

కొందఱికి, ముఖ్యముగా వృద్ధస్త్రీలకు, కణత ఎముక మందమై తరంగము దూరదు. తక్కినవారికి మంచమువద్దనే, సూది గాని కిరణములు గాని లేకుండ ప్రతిదినము పరీక్షింపవచ్చును. నిన్న 90, నేడు 150 వచ్చినచో వైద్యులు స్కానుతో ధమనిని చూచి నిర్ధారించుకొందురు.